అడిగావా మేడం

ఆ డిజైన్ కాలేజీలో ఒక టీచరమ్మ ఉంది. ఆవిడ అసలు పేరు ఆఫీసు గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు. పిల్లలకి ఆవిడ ‘అడిగావా మేడం’. ఎవరు ఏ ప్రాజెక్టు తెచ్చి గోడకి గుచ్చినా ఆవిడ ముందు గీతలు చూడదు, రంగులు చూడదు, కొలతలు చూడదు. ఫొటోలో మనిషెవరైనా ఉన్నారా అని చూస్తుంది. ఉంటే వేలు పెట్టి చూపించి, “ఈయన్ని అడిగావా?” అంటుంది. “ఫొటో తీస్తానని అడిగాను మేడం” అంటే వదిలిపెడుతుందా? అబ్బే. “గోడకి పెడతానని అడిగావా? కింద ఈ మాట రాస్తానని అడిగావా? ఆయన్ని తీసుకొచ్చి ఇది చూపించావా?” అని ఉడుంపట్టు పడుతుంది.

పిల్లలు వెనకాల చేరి నవ్వుకుంటారు. “నువ్వు తలుపు గొళ్ళెం ఫొటో పెట్టి చూడరా, గొళ్ళేన్ని అడిగావా అంటుంది” అని ఒకడు. “నిద్రలో కలవరించినా అదే మాట కాబోలు” అని ఇంకొకత్తె.

నవ్వనీండి, నవ్వే వయసు. కానీ ఆ మాట ఆవిడకి ఎక్కడ అంటుకుందో ఒక్కరైనా కనుక్కున్నారా? కనుక్కోరు. కనుక్కున్నా ఆవిడ చెప్పదు. చెప్పాల్సి వస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఛస్తుంది. అందుకని నేను చెబుతాను, కాస్త కుదురుగా కూర్చోండి.

ఆవిడ కూడా ఒకప్పుడు ఇదే కాలేజీలో చదువుకున్న అమ్మాయే. ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. పిల్ల పాలు మరవకముందే తండ్రి పోయాడు. తల్లి బజారు మూలనున్న బేకరీలో కేకుల మీద పేర్లు రాసేది. ఓస్ ఇంతేనా అనకండి. కాగితం మీద తప్పు రాస్తే కొట్టేసి పక్కన రాసుకోవచ్చు. కేకు మీద తప్పు పోతే తుడవడానికి లేదు, గీకితే గుంట పడుతుంది. తిరిగే పళ్ళెం మీద కేకు పెట్టి, క్రీము సంచి గుప్పిట్లో పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో రాసెయ్యాలి. ఎదురుగా కొనడానికి వచ్చినవాళ్ళు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తుంటారు.

ఆ తల్లి రాతకి ఊళ్ళో ఒక గుర్తింపుండేది. అది తలకట్టు. అక్షరం మీద తలకట్టుని మనలాంటివాళ్ళం ఒక గీటు గీసి వదిలేస్తాం కదా, ఆవిడ వదిలేది కాదు. పైకి లాగి, లోపలికి మెలేసి, మొగ్గలాగా ముగించేది. “ఆ మెలిక లేకపోతే మావాడు కేకు కొయ్యనని మొండికేస్తాడండీ” అని చెప్పి మరీ రాయించుకునేవాళ్ళు. పుట్టినరోజులకి తీసిన ఫొటోల్లో పిల్లల మొహాలు మారేవి గానీ ఆ మెలిక మారేది కాదు.

అమ్మాయి అక్షరాలు దిద్దింది పలక మీద కాదు, మిగిలిపోయిన క్రీముతో పళ్ళెం మీద. తప్పు రాస్తే నాకెయ్యడమే. “నువ్వు కావాలనే తప్పులు రాస్తున్నావే దొంగపిల్లా” అని తల్లి మొట్టికాయ వేసేది. ఆ పళ్ళెం మీద నుంచే పిల్లకి గీత మీద మోజు పుట్టింది. ఆ మోజే కాలేజీ గుమ్మం దాకా తీసుకొచ్చింది.

చేరేముందు ఇంటర్వ్యూలో పెద్దలు అడిగారు. “మీ ఇంట్లో గీసేవాళ్ళు గానీ, చేత్తో ఏదైనా చేసేవాళ్ళు గానీ ఉన్నారా అమ్మా?” ముందు వెళ్ళిన పిల్లలు మా నాన్న ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు, మా అత్తకి స్టూడియో ఉంది అని గొప్పలు చెప్పుకుని వచ్చారు. బేకరీ అనే మాట పిల్ల నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి జారిపోయింది. “ఎవరూ లేరండి” అంది. గేటు బయట ఎండలో గొడుగేసుకుని నిలబడ్డ తల్లి, “ఏమడిగారే? ఏం చెప్పావే?” అని ఆత్రంగా మీదికొచ్చింది. “ఏవో అడిగార్లే, పద” అంది పిల్ల. ఆ పూటంతా తల్లి మొహంలోకి చూడలేకపోయింది.

కాలేజీలో ఆ అమ్మాయికి గురువు దొరికాడు. ఆయన్ని అందరూ ‘మళ్ళీ మాస్టారు’ అనేవాళ్ళు. ఎంత కష్టపడి చేసుకొచ్చినా ఆయన నోట వచ్చేది ఒక్కటే మాట, “మళ్ళీ”. అప్పుడప్పుడూ అందరూ తమ పని తెచ్చి గోడకి గుచ్చాలి, దాన్ని ‘గోడ రోజు’ అనేవాళ్ళు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గోడ పొడవునా నడుచుకుంటూ పోయేవాడు. బ్లేడు గాట్లు పడ్డ వేళ్ళతో, గమ్ము అంటిన గోళ్ళతో పిల్లలు బల్లల పక్కన బిక్కుబిక్కుమంటూ నిలబడేవాళ్ళు. చెడ్డవాడు కాదు. పని మీద పిచ్చి, అంతే. పిచ్చి ఉన్నవాడికి పక్కవాళ్ళ కాళ్ళు కనపడవు, తొక్కుకుంటూ పోతాడు.

ఆఖరి ఏడాదిలో ప్రాజెక్టు ఇచ్చాడు. ఒక మనిషిని చూడండి, ఆ మనిషికున్న ఒక ఇబ్బంది చూడండి, దానికొక వస్తువు చెయ్యండి. అమ్మాయి ఆఫీసుకెళ్ళేవాళ్ళ కోసమని ఒక నీళ్ళ సీసా గీసుకెళ్ళింది. “ఎవరమ్మా ఈ ఆఫీసువాడు? నీకు తెలుసా? ఎప్పుడైనా పలకరించావా?” అన్నాడు. “లేదండి” అంది. “ముక్కూ మొహం తెలియనివాడి దాహం నీకెందుకు? మళ్ళీ.”

మొహం మాడ్చుకుని ఇంటికొచ్చింది. తల్లి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతోంది. ఈ మధ్య అలాగే తాగుతోంది గానీ పిల్ల పట్టించుకుంటేగా. ఆ రోజు కళ్ళు తెరిచి చూసింది.

“అమ్మా, చెయ్యి అలా వణుకుతోందేం?”

“చెయ్యేం వణకడం లేదు, నీ కళ్ళు వణుకుతున్నాయి. టీ తాగు.”

“నిజం చెప్పు.”

తల్లి గ్లాసు కింద పెట్టింది. “డాక్టరుకి చూపించుకున్నానే. ప్రాణం తీసేదేం కాదట, కొందరికి అలా వస్తుందట. మందిచ్చాడు గానీ అది వేసుకుంటే నిల్చున్నచోటే నిద్ర తన్నుకొస్తోంది. పళ్ళెం పక్కన గిన్నె బోర్లించి, దానిమీద మణికట్టు ఆనించి ఎలాగో నెట్టుకొస్తున్నా.”

“ఓనరమ్మకి చెప్పావా?”

“నోరు ముయ్యి! తెలిసిందంటే నన్ను డబ్బాల బల్లకి పంపేస్తుంది. పొద్దస్తమానం అట్టపెట్టెలు మడుచుకుంటూ కూర్చోవాలి. దానికి నేనెందుకే? ఆ రాత తప్ప నాకింకేముంది చెప్పు?”

కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి కాదు. ఆ మాట అన్నాక మాత్రం ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయింది. పిల్ల తల్లి చెయ్యి పట్టుకుంది. “నేను చేస్తానమ్మా నీకు. చెయ్యి ఊగకుండా ఒక పట్టు. అదే నా ప్రాజెక్టు.” అప్పటికి ఆ మాటలో ఏ కల్తీ లేదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

“ఫొటోలూ అవీ కావాలంటావా?”

“కావాలమ్మా. యూజర్ ఎలా పనిచేస్తుందో చూపించాలి.”

“యూజర్ అంటే ఎవరే?”

“అంటే... వాడుకునేవాళ్ళు.”

తల్లి పకపకా నవ్వింది. “ఓహో! ఇన్నాళ్ళూ అందరూ నన్ను వాడుకోవడమే గానీ నేను వాడుకున్నదేమీ లేదే. నీ పుణ్యమా అని ఆ ముచ్చటా తీరబోతోందన్నమాట. సరే తియ్యి. కానీ మొహం రాకూడదు. మీ మాస్టారు తప్ప ఇంకో పురుగు చూడకూడదు.”

“నీ మీదొట్టమ్మా” అంది పిల్ల.

ఆ తర్వాత రోజులు వాళ్ళిద్దరికీ భలేగా గడిచాయి. అమ్మాయి మట్టితో ఒకటి, స్పాంజితో ఒకటి, చెక్కతో ఒకటి చేసి తెచ్చేది. తల్లి వాటితో బోర్లించిన పళ్ళాల మీద రాసి పేర్లు పెట్టేది. “ఇది కుంటి బాతు. ఇది మీ పెద్దమ్మ నోరు, అసలు ఆగదు. ఇది పర్లేదు, కానీ చెయ్యి కొరుకుతోంది.” చివరికి ఒకటి కుదిరింది. కేకుకి అటూ ఇటూ కాళ్ళుండి, మీదుగా పోయే చిన్న చెక్క వంతెన. దానిమీద ముంజెయ్యి ఆనించుకోవాలి. క్రీము సంచికి కాస్త బరువున్న తొడుగు. ఆ బరువుకి చెయ్యి నిమ్మళించింది. తల్లి ‘న’ రాసి, మెలిక తిప్పి, పిల్ల వంక చూసింది. “ఒసే, నా పాత చెయ్యే!” అంది. ఆ మొహం చూస్తే పిల్ల పుట్టినప్పుడు కూడా అంత సంబరపడి ఉండదేమో అనిపిస్తుంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

గోడ రోజున మాస్టారు వంతెన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “వస్తువు బాగుంది. కానీ గోడ మీద మనిషేదమ్మా? వణుకేది? నాకు ఆ వణుకు కనపడాలి. చూసినవాడి గుండె కలుక్కుమనాలి. మళ్ళీ.”

“ఆవిడ ఎవరికీ తెలియకూడదన్నారండి.”

“ఎవరావిడ? నీకేమవుతుంది?”

పిల్ల చుట్టూ చూసింది. తోటి పిల్లలంతా వింటున్నారు. “తెలిసినావిడండి” అంది.

“మొహం వద్దులే. చెయ్యి చాలు. చేతికి పేరుంటుందా ఏమిటి?” అని ముందుకెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి, “అమ్మా, ఒక్కసారి ఆ పట్టు లేకుండా రాయవా? ముందెలా ఉంది, ఇప్పుడెలా ఉందో తేడా చూసుకోవాలి” అంది. తల్లి బోర్లించిన పళ్ళెం మీద ‘పుట్టినరోజు’ అని రాసింది. అక్షరాలు పాములు పాకినట్టు వచ్చాయి. మెలిక మాత్రం పోలేదు, ఎలాగో తంటాలుపడి తిప్పింది. ఫొటోలో ఆ చెయ్యి రెండు మూడు చేతుల్లాగా పడింది.

“ఛీ, ఎంత అసహ్యంగా వచ్చిందే. అది చెరిపెయ్.”

“చెరిపేస్తాలే.”

చెరిపిందా? ఆ ఫొటోనే తలుపంత చేయించింది. దాని పక్కన రాసింది: యూజర్ నడివయసు స్త్రీ. చదువు తక్కువ. కేకులపై పేర్లు రాసే పని. చేతి వణుకు. పని పోతుందన్న భయంతో యజమాని దగ్గర దాస్తోంది.

ఆఖరి వాక్యం రాసేముందు వేళ్ళు ఆగాయి. కానీ అది లేకపోతే గుండె కలుక్కుమనదు కదా. రాసేసింది.

అడుగుదామనే అనుకుంది. రోజూ తినేటప్పుడు నోరు తెరిచేది. “ఏంటే?” అనేది తల్లి. “ఏం లేదు, ఉప్పు ఇలా ఇవ్వు” అనేది పిల్ల. అడిగితే వద్దంటుంది. వద్దన్నాక పెడితే తప్పవుతుంది. అడక్కపోతే వద్దన్నట్టే కాదుగా! చూశారా తెలివి? పైగా మొహం లేదని తనకి తానే నచ్చజెప్పుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందే, అచ్చం అలాగే.

ఇంకో మాట చెప్పనా? ఆ పిల్లకి కాలేజీలో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చేది అక్షరాల క్లాసులో. ఎవరు రాసిన అక్షరమైనా ఒంపు చూసి రాసిన చేతిని పోల్చేది. అంత తెలిసిన పిల్లకి, తల్లి తలకట్టు తల్లి మొహమేనన్న సంగతి తట్టలేదు. దీన్నేమంటారో మీరే చెప్పండి.

మాస్టారు ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. “మళ్ళీ” అనలేదు! తరగతి తరగతంతా నోళ్ళు వెళ్ళబెట్టింది. “దీన్ని ప్రదర్శనలో ముందు హాల్లో పెట్టండి” అన్నాడు. ఆ రోజు అమ్మాయి కాళ్ళు నేల మీద లేవు.

ఏడాది చివర ప్రదర్శనకి ఊళ్ళోవాళ్ళందరినీ పిలిచేవాళ్ళు. “ఏవో బోర్డులుంటాయమ్మా, నిలబడలేవు, నువ్వెందుకు?” అని తల్లిని రావద్దంది. తల్లి సరేనంది. కానీ కాలేజీ ఆఫీసువాళ్ళు ఆ రోజుకి కేకు ఎక్కడ చెప్పారనుకున్నారు? ఊళ్ళో మంచి బేకరీ ఇంకెక్కడుంది? తల్లికి ముందే తెలుసు. పిల్లకి చెప్పకుండా లోపల లోపలే మురిసిపోయింది. ఆ ఉదయం అందరికంటే ముందు బేకరీకి వెళ్ళి, సంచిలోంచి వంతెన తీసి, పెద్ద కేకు మీద ‘స్వాగతం’ అని రాసింది. తర్వాత ఇస్త్రీ బట్టలు కట్టుకుని, కేకు పట్టుకెళ్ళే ఓనరమ్మతో, “నేనూ వస్తానండి, మా అమ్మాయి చదివే కాలేజీ” అని బయల్దేరింది.

ముందు హాలు జనంతో కిటకిటలాడుతోంది. అమ్మాయి బోర్డు పక్కన నిలబడి ఉంది. మాస్టారు ఎవరికో వివరిస్తున్నాడు. పిల్ల తల తిప్పి చూసేసరికి గుమ్మంలో ఓనరమ్మ, ఆవిడ పక్కన కేకు పెట్టెకి ఇంకో కొస పట్టుకుని తల్లి. పెట్టె బల్ల మీద పెట్టీ పెట్టకముందే తల్లి కళ్ళు కూతుర్ని వెతికి పట్టుకున్నాయి. మొహం విప్పారింది. చెయ్యెత్తి పిలవబోతూ నాలుగడుగులు ముందుకొచ్చింది.

“ఎవరమ్మా?” అన్నాడు మాస్టారు, పిల్ల వైపు తిరిగి.

అప్పుడు ఆ అమ్మాయి నోట్లోంచి వచ్చిన మాట ఇది. “బేకరీవాళ్ళు సార్. కేకు తెచ్చారు.”

తల్లి ఎత్తిన చెయ్యి గాలిలో ఆగింది. ఆ చేత్తోనే జుట్టు సర్దుకుంది. “అవునండి. కేకు తెచ్చామండి” అంది.

అమ్మ గుట్టు కాపాడటానికే అలా అన్నానని ఆ అమ్మాయి తర్వాత వెయ్యిసార్లు తనతో తాను వాదించుకుంది. అబద్ధం. సిగ్గేసి అంది. ఇంటర్వ్యూ గదిలో నాలుక మీంచి జారిపోయింది చూడండి, అదే మళ్ళీ జారింది.

పాపం, మాస్టారికేం తెలుసు? “అయితే మీరు ఇది చూడాల్సిందేనమ్మా. మీ పనిలో ఉన్నావిడ గురించే. ఇలా రండి” అని గౌరవంగా దగ్గరికి పిలిచి, బోర్డు మీద రాసింది మొత్తం పైకి చదివి వినిపించాడు. చదువు తక్కువ. చేతి వణుకు. యజమాని దగ్గర దాస్తోంది. తల్లి తలుపంత ఉన్న తన చేతిని చూస్తూ నిలబడింది. చెరిపెయ్యమన్న అక్షరాలు ఒక్కొక్కటీ జానెడు ఎత్తున ఉన్నాయి.

“ఎలా ఉందమ్మా?” అన్నాడు మాస్టారు.

“బాగుందండి. ఉన్నదున్నట్టుంది.”

పక్కన ఎవరో పెద్దావిడ నిట్టూర్చింది. “అయ్యో పాపం, దాచుకుని పనిచేస్తోందట. ఈ పిల్ల ఎంత మంచిదో చూడండి, ఎవరో ఏమిటో తెలియని మనిషి కోసం ఇంత కష్టపడింది.”

అమ్మాయికి నేల చీలి అందులోకి దిగిపోతే బాగుండుననిపించింది. నేల మనం అనుకున్నప్పుడు చీలుతుందా? గట్టిగానే ఉంది.

ఓనరమ్మ బోర్డు చూసింది. బల్ల దగ్గరికి వెళ్ళి కేకు పెట్టె మూత తీసి ‘స్వాగతం’ చూసింది. మళ్ళీ వచ్చి బోర్డు మీద ‘న’ నెత్తిన ఉన్న మెలిక చూసింది. “ఏమ్మా, ఈ తలకట్టు...” అని మొదలుపెట్టింది.

“బయట మాట్లాడుకుందాం రండి” అంది తల్లి మెల్లిగా. ఇద్దరూ వెళ్ళిపోయారు. తల్లి వెనక్కి తిరిగి చూడలేదు.

పరిగెత్తి వెళ్ళొచ్చుగా? ఎవరైనా కాళ్ళు కట్టేశారా? అంతలో ముఖ్య అతిథి బోర్డు దగ్గరికి వస్తున్నాడు. అమ్మాయి నవ్వు మొహం పెట్టుకుని వివరించింది. ఆయన భుజం తట్టాడు. కేకు కోశారు. ఒక ముక్క తెచ్చి ఆ పిల్ల చేతిలోనే పెట్టారు, ‘గ’ ఉన్న ముక్క. అందరూ చూస్తున్నారని నోట్లో పెట్టుకుంది. బలవంతాన మింగింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి తల్లి బట్టలు మడతపెడుతోంది. వంతెన కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టి ఉంది.

“అమ్మా...”

“వంటింట్లో ఉంది, పెట్టుకుని తిను.”

“ఓనరమ్మ ఏమంది?”

“ఏమంటుంది? మంచిదే, తిట్టలేదు. ‘నాకు ముందే చెబితే ఏదో ఒకటి చూసేదాన్ని, ఇప్పుడు ఊరంతా చూశాక నేనేం చెయ్యను’ అంది. రేపట్నుంచి డబ్బాల బల్ల.”

“నేను మొహం పెట్టలేదమ్మా...”

“తలకట్టు పెట్టావుగా.”

పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. తల్లి మడత పెట్టిన బట్టనే మళ్ళీ విప్పి మడత పెట్టింది. “యూజర్ అంటే వాడుకునేవాళ్ళన్నావు. నన్నంటున్నావనుకున్నానే” అంది. కోపంగా కూడా అనలేదు. తిట్టినా, రెండు తగిలించినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి మాస్టారి దగ్గరికి వెళ్ళింది. “ఆ చెయ్యి మా అమ్మదండి. నిన్న కేకు తెచ్చింది ఆవిడే” అంది. ఆయనకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక స్టూలు మీద కూలబడ్డాడు. “నిన్న నేను ఆవిడకే చదివి వినిపించానా?” అన్నాడు. లేచి వెళ్ళి, ఒక్కో పిన్నూ తనే పీకి బోర్డు దింపాడు. “అడిగావా అని నేనైనా అడగాల్సింది. అన్నీ అడిగాను, అదొక్కటే అడగలేదు” అన్నాడు. ఆయన నోట్లోంచి వచ్చిన ఆ ‘అడిగావా’ పిల్ల చెవికి అంటుకుపోయింది.

బోర్డు దింపితే చూసిన కళ్ళు చూడనట్టవుతాయా? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కొన్నాళ్ళకి ఓనరమ్మే మెత్తబడి, “ఆ చెక్కేదో పెట్టుకుని రాయి, చూద్దాం” అంది. తల్లే వద్దంది. కొనడానికి వచ్చినవాళ్ళు ఇదివరకు అక్షరం చూసేవాళ్ళు, ఇప్పుడు చెయ్యి చూస్తున్నారు. అందరూ చూస్తుంటే వణుకు రెట్టింపవుతుంది. బేకరీకి కొత్త అమ్మాయి వచ్చింది. శుభ్రంగానే రాస్తుంది. తలకట్లు మాత్రం అందరివీ ఎలా ఉంటాయో అలాగే ఉంటాయి.

ఇంకా సిగ్గుపడాల్సింది ఒకటుంది. ఆ ఏడు అందరికంటే మంచి ప్రాజెక్టని కాలేజీ రాసిచ్చింది దానికే. టీచరు ఉద్యోగం వచ్చిందీ దాని వల్లే. కాదనలేదు ఆ అమ్మాయి. తీసుకుంది. రోజూ అదే ముందు హాల్లోంచి నడిచి క్లాసుకి వెళుతుంది. ఆ గోడ వచ్చినప్పుడు నేల చూస్తూ నడుస్తుంది. పిల్లలు దానికీ ఒక జోకు వేసుకున్నారు, మేడం చిల్లర పారేసుకుందిరా అని.

తల్లీ కూతుళ్ళు మాట్లాడుకోవడం మానలేదు. ఉప్పు, పప్పు, కరెంటు, పక్కింటివాళ్ళ కుక్క, అన్నీ మాట్లాడుకుంటారు. ఆ ఒక్కటీ తప్ప. ఏళ్ళు గడిచాయి. తల్లి డబ్బాల బల్ల కూడా మానేసి ఇంటిపట్టున ఉంటోంది.

మొన్న గోడ రోజున ఒక విద్యార్థిని వాళ్ళ తాతయ్య ఫొటోలు గుచ్చింది. మెట్లు ఎక్కలేని మనిషికి ఒక చేతికర్ర చేసింది. మేడం వేలు పెట్టి, “అడిగావా?” అంది, మామూలే.

“అడిగాను మేడం. బయటే ఉన్నాడు, పిలవనా?”

తాతయ్య కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. తన ఫొటో ముందు నిలబడి, కింద రాసింది చదివి, “నడుం కాదే, మోకాలు. దిద్దు” అన్నాడు. అందరి వైపూ తిరిగి, “ఇది నా మనవరాలండీ. చిన్నప్పుడు నా కర్ర దాచేసేది, ఇప్పుడు కొత్తది చేసిచ్చింది” అన్నాడు. హాలంతా నవ్వింది. మేడం కూడా నవ్వబోయి, చాక్‌పీసు కోసం వెతుకుతున్నట్టు బల్ల సొరుగులోకి వంగింది. చాలాసేపు వెతికింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. తల్లి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని టీ తాగుతోంది.

“అమ్మా, ఒకటి అడగనా?”

“అడుగు. కాలేజీలో నీ పేరే అదటగా.”

“అప్పుడు... ఆ ఫొటో గోడకి పెడతానని ముందే అడిగుంటే, ఏమనేదానివి?”

ఏ ఫొటో అని తల్లి అడగలేదు. టీ ఒక గుక్క తాగింది.

“సరేననేదాన్ని.”

“ఓనరమ్మకి తెలిసిపోతుందన్నా?”

“తెలిస్తే తెలుస్తుంది. నీ చదువుకంటే నాకు ఆ పళ్ళెం ఎక్కువా? రెండు తిట్లు తిట్టి సరేననేదాన్ని.” గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టింది. “కింద ‘మా అమ్మ’ అని రాయమనేదాన్ని, అంతే.”

అడిగావా మేడం ఇంకేమీ అడగలేదు.